సింహాచలం గారు పోగొట్టని పానా

బగాది సింహాచలం గారు ఇక లేరు. గత నెల ఒక ఉదయం షాలిమార్‌లోని తమ ఇంట్లో గుండె ఆగి కన్నుమూశారు. ఫోనులో ఆ మాట విని నేను టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. టీ చొక్కా మీద ఒలికిందని మా ఆవిడ వచ్చి చెప్పేదాకా తెలియలేదు. ముప్పై అయిదేళ్ళు హెలికాప్టర్ల సేవలో దేహాన్ని అరగదీసుకున్న కర్మయోగి, నాకు విద్య నేర్పిన గురువు, నేను నోరారా బాబాయ్ అని పిలుచుకున్న మనిషి ఒక్క క్షణంలో గతించారంటే మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

మన తెలుగు సంఘం వారు సంతాపసభ పెట్టారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "నిష్ఠాగరిష్ఠుడు. ఆ వరదల నాటి ఒక్క పొరపాటు తప్ప ఆయన జీవితంలో మచ్చ లేదు" అన్నారు. సభలో తలలు ఊగాయి. నా ఒళ్ళు మండిపోయింది. ఏం ఊపడమండీ అది! పనిముట్టు ఒకటి మతిమరుపుతో పోగొట్టి, జనం నీళ్ళలో చస్తుంటే హెలికాప్టర్‌ని ఆపేసిన మేస్త్రి అని ముప్పై ఏళ్ళుగా ఆయన పేరుకి ఆ మచ్చ అంటుకుని ఉంది. అది ఆయనది కాదు. ఎవరిదో నాకు తెలుసు. ఆ సభలోనే లేచి చెప్పాల్సింది. లేవలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయన తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఈ బెంగాలీ మహానగరానికి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో బస్తాలు మోశాడు. కొడుకు సైన్యంలో మెకానిక్కుగా చేరి, హెలికాప్టర్ల విద్య నేర్చి, యుద్ధం చూసి, తిరిగి ఈ ఊరే చేరుకున్నారు. బేహాలా విమానాల మైదానం పక్కన ఒక ప్రైవేటు కంపెనీ షెడ్డు ఉండేది. ప్రభుత్వానికి హెలికాప్టర్లు అద్దెకిచ్చే కంపెనీ. అందులో ఆయన పెద్ద మేస్త్రి. నేను ఆయన కింద పనిచేసిన నలుగురిలో ఒకణ్ణి.

చేతక్, చీతా హెలికాప్టర్ల వంశచరిత్ర ఆయనకి కంఠోపాఠం. ఫ్రాన్సులో పుట్టిన నమూనా మన బెంగళూరులో చేతక్ అయింది. పైలట్‌తో కలిపి ఏడుగురు పట్టే బొద్దు శరీరం దానిది. అదే కుటుంబంలో పాత సన్నని శరీరానికి ఈ పెద్ద ఇంజను తగిలించి, హిమాలయ శిఖరాల మీదికి పంపడానికి చీతాని చేశారు. దాని తోక ఎముకలన్నీ బయటికే కనిపిస్తాయి. "పెద్దోడికి వొళ్ళెక్కువ, సిన్నోడికి దమ్మెక్కువ. ఇద్దరికీ గుండి ఒకటే" అనేవారు బాబాయ్. ఆ ఒక్క కుటుంబమే యుద్ధనౌక మీద దిగింది, క్షిపణి మోసింది, పొలాల మీద మందు చల్లింది, ఎన్నికల అధికారుల్ని దించింది, క్షతగాత్రుల్ని తెచ్చింది. ఈ మధ్య వాటికి కొత్త ఇంజన్లు వేస్తున్నారని చదివి వినిపిస్తే, "గుండి మార్సినారన్నమాట. మంచిదే" అని ఊరుకున్నారు.

యుద్ధంలో ఆయన పని యంత్రాన్ని బాగుచేయడమే కాదు, కడగడం కూడా. తెగిన కాళ్ళతో, తెరుచుకున్న కడుపులతో కుర్రాళ్ళని తెచ్చి దించాక, నేల పలకలు విప్పి కిందికి కారిన నెత్తురు కడిగేవారట. ఒక పలక కింద వేలు దొరికిందని ఒకసారి మామూలుగా చెప్పారు. "నెత్తురు ఉప్పురా. అల్యూమినియాన్ని తినేస్తాది. సచ్చినోడి నెత్తురు బతికున్నోడిని సంపకుండా మనం సూసుకోవాల" అనేవారు. మా షెడ్డులోనూ ఆ పద్ధతే పెట్టారు.

శాంతమూర్తి అని ఆయన్ని సభలో ఎవరో పొగిడారు. అబద్ధం! బాబాయ్ కోపం దుర్వాసుడి కోపం. ఒకసారి పురులియా వైపు ఒక నాయకుడి సభకి దిగాం. రెక్కలు ఇంకా తిరుగుతుండగానే జనం దండలతో పరుగెత్తుకొచ్చారు. తోక పంకా తిరిగేటప్పుడు కంటికి కనిపించదు, తగిలితే తల ఉండదు. బాబాయ్ పందిరి వెదురుగడ ఒకటి పీకి తోక దగ్గర నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు బాదారు. ఒకడి భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు ఇంజను హోరులోనూ వినిపించింది. మర్నాడు వాడి మనుషులు షెడ్డుకొచ్చి నిలదీస్తే, "బుజం అతుక్కుంటాది. తలకాయి అతుక్కోదు. ఎల్లండి" అన్నారు.

పనిముట్ల విషయంలో ఆయన పట్టుదల ఇంకా భయంకరం. గోడమీద ఒక పెద్ద పలక. ప్రతి పానాకీ, ప్రతి సుత్తికీ దాని ఆకారం ఎర్రరంగుతో గీసి ఉండేది. పని అయ్యాక దేని బొమ్మ మీద దాన్ని తగిలించాలి. ఒక్క బొమ్మ ఖాళీగా ఉన్నా హెలికాప్టర్ ఎగరదు. "కానరాని పానా మిషన్ కడుపులోనే ఉన్నట్టు లెక్క. బయటుందని రుజువు సేసినాకే ఎగరాల" అనేవారు. ఇరుకు నట్లకోసం ఆయన ఒక పానా తలని ఆకురాయితో అరగదీసి పలచగా చేసుకున్నారు. అలాంటిది షెడ్డు మొత్తానికి అదొక్కటే.

ఇక వరదల సంగతి. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన తొలినాళ్ళవి. ఆ ఏడాది నదులు గట్లు తెంచుకుని జిల్లాల మీద పడ్డాయి. మా చేతక్‌ని సహాయానికి పెట్టారు. మొదటిరోజే పైనుంచి విసిరిన అటుకుల మూట ఒక ముసలాయన మెడమీద పడింది. మూట కోసం కొట్టుకుంటున్న జనం ఆయన్ని తొక్కుకుంటూ పోయారు. సాయంత్రం బాబాయ్ పైలట్ చొక్కా పట్టుకుని గోడకి అదిమి, "అన్నం ఏస్తన్నావా, బాంబులేస్తన్నావా?" అని బెంగాలీలో అరిచారు. మర్నాటి నుంచి చక్రాలు నీళ్ళకి తగిలేంత కిందికి దిగి, మూటలు చేతికందించారు.

మూడోరోజు ఒక పడవకోసం రెండు ఊళ్ళవాళ్ళు కత్తులతో నరుక్కున్నారు. గాయపడ్డ ఇద్దర్ని మా హెలికాప్టర్‌లో తెచ్చారు. నేల నిండా నెత్తురు. ఆ మధ్యాహ్నం కడిగే పని నాది. పలకలు విప్పాను, కడిగాను. కింద, పైలట్ చేతి కదలికని రెక్కలకి అందించే కంట్రోల్ కడ్డీ దగ్గర వదులుగా కనిపించిన నట్టుని ఆ పలచతల పానాతో బిగించి, పలకలు మూసేశాను. తీరా గోడ దగ్గరికి వెళ్తే ఆ పానా బొమ్మ ఖాళీగా ఉంది.

నా లైసెన్సు పరీక్ష పదిరోజుల్లో ఉంది. పానా పోగొట్టానని తెలిస్తే బాబాయ్ నన్ను పరీక్ష గుమ్మం ఎక్కనివ్వరు. కడిగిన నీళ్ళతో కాలవలోకి పోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. వెంటనే భవానీపూర్ పరుగెత్తి, ఇనుప సామాన్ల కొట్లో అదే కొలత పానా కొని, తల అరగదీసే వ్యవధి లేక అలాగే నూనె పూసి, బొమ్మ మీద తగిలించాను. బాబాయ్ పలక వంక చూసి, అన్నీ ఉన్నాయని తల ఊపారు.

మర్నాడు పొద్దున్నే ఎగరబోయే ముందు ఆయన రెక్కల మూలంలోని ఇరుకు నట్టుకి ఆ పానా పెట్టారు. పట్టలేదు. తల మందంగా ఉంది. కిందికి దిగి మా నలుగుర్నీ వరసగా నిలబెట్టారు.

"ఇది నా పానా కాదు. ఎవులు మార్సినారు? నానేటీ అన్ను. సెప్పండి, ఎక్కడ వొదిలినారో అక్కడే ఎతుకుదాం."

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. దానితో నేల కింద నట్టు బిగించాను బాబాయ్ అని ఒక్క మాట అని ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఆయన "మిషన్ ఎగరదు" అని కేకపెట్టి, ఇంజను మూతల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క భాగమే విప్పుకుంటూ వచ్చారు. కడగడానికి ఆ పానాతో పని ఉండదు కాబట్టి నేల పలకలు చివరికి మిగిలాయి.

వెతుకులాట మూడోగంటలో ఉండగా వాళ్ళొచ్చారు. యాభైమంది దాకా ఉంటారు. ఏ జెండా వాళ్ళో నాకనవసరం. ఆ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్నవాళ్ళు. ఇంటివాళ్ళు నీళ్ళలో ఉంటే హెలికాప్టర్‌ని దాచేశారని ఎవరో పుకారు పుట్టించారు. గేటు విరిగింది. షెడ్డు కిటికీల అద్దాలు పగిలాయి. కాపలావాడి తల పగిలింది. నేను నూనె పీపాల వెనక దూరాను.

"కే ఆట్‌కేఛే? బోలో!" ఆపిందెవరో చెప్పమని అరుస్తున్నారు.

"నేనే" అన్నారు బాబాయ్ బెంగాలీలో. "పానా పోయింది. పోగొట్టింది నేనే. అది దొరక్కుండా ఎగిరితే మీవాళ్ళ మీదే పడతాది."

ఒకడు ఇనప కడ్డీ ఎత్తాడు. వాడు ఏడుస్తున్నాడు. "ఆమార్ మా ఛాదే బోషే ఆఛే!" అని గొంతు చించుకుంటున్నాడు. వాళ్ళమ్మ ఇంటి కప్పు మీద కూర్చుని ఉందట. ఇద్దరు బాబాయ్ కుడిచేతిని బెంచీమీద అదిమిపట్టారు. వాడు ఏడుస్తూనే కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. వేళ్ళు నుజ్జయ్యాయి. బాబాయ్ అరిచిన అరుపు ఈ వాక్యం రాస్తుంటే నా చెవుల్లో ఉంది. అయినా నా పేరు ఆ నోట రాలేదు. నా కాలు పీపాల వెనక నుంచి కదల్లేదు. సిగ్గులేని బతుకు నాది!

పోలీసులు వచ్చి జనాన్ని తరిమారు. ఆసుపత్రికి రమ్మంటే బాబాయ్ వినలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని, మిగిలిన నేల పలకలు ఎడమచేత్తో విప్పి, బోర్లా పడుకుని లోపల తడిమారు. పానా దొరికింది. కంట్రోల్ కడ్డీ మడత దగ్గర ఇరుక్కుని ఉంది. గాలిలో ఒక్క కుదుపు చాలు, కడ్డీ బిగుసుకుని అందరూ పోయేవారు. ముందురోజు ఆ పలకలు విప్పింది నేనొక్కణ్ణే. ఆయన తలెత్తి నా వంక చూశారు. లాగ్‌బుక్కులో ఎడమచేత్తో వంకరటింకరగా, పానా పోగొట్టినది తానేనని రాసి సంతకం పెట్టారు.

హెలికాప్టర్ మధ్యాహ్నం ఎగిరింది. ముందురోజు మనుషులున్న ఒక బడి కప్పు ఈసారి కనిపించలేదని పైలట్ వచ్చి చెప్పాడు. ఏడుస్తూ కొట్టిన ఆ కుర్రాడి తల్లి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం ఈనాటికీ లేదు.

హెలికాప్టర్ ఎగరొచ్చని సంతకం పెట్టే అధికారం కంపెనీ ఆయన నుంచి తీసేసింది. పనిముట్ల గదిలో కూర్చోబెట్టింది. నేను పరీక్ష ప్యాసయ్యాను. ఆయన సంతకం పెట్టే చోట నేను పెట్టాను, ఆయన పదవీవిరమణ చేసేదాకా, ఆ తర్వాతా. పొద్దున్నే పనిముట్లు ఇస్తూ ఆయన రోజూ ఒకటే అడిగేవారు: "నేల ఇప్పి సూసినావేటి, సత్తిబావూ?" చూశాను బాబాయ్ అనేవాణ్ణి. నేను ఇంకేదైనా చెబుతానేమోనన్నట్టు ఆయన ఒక్క క్షణం ఆగేవారు. నేను పనిముట్లు తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

పదోరోజు కర్మ ముగిశాక ఆయన భార్య నారాయణమ్మ గారి ముందు కూర్చుని, "పిన్నీ, ఆ పానా పోగొట్టింది నేను" అన్నాను.

"తెలుసు బావూ" అన్నారావిడ.

ఎలా తెలుసని అడిగాను.

"ఆ దినమే సెప్పినారు, సేతికి కట్టు కట్టించుకొచ్చి. 'సత్తిబావే. ఆడే వొచ్చి సెప్తాడు, నువ్వడక్కు' అన్నారు. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడల్లా నాను వంటింట్లోకెల్లిపోయేదాన్ని. నా ముందు సెప్పుకోలేవేమోనని."

నేనంటే గిట్టకే ఆవిడ లేచిపోతున్నారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎన్ని ఆదివారాలు వెళ్ళానో! ఆయనా నేనూ ఇద్దరమే కూర్చునేవాళ్ళం. ఇంజన్ల గురించి, రేవు గురించి, ఊరి గురించి గంటలు గంటలు మాట్లాడాను. ఆయన వింటూ కూర్చున్నారు. ఏ మాటకోసం వింటున్నారో నాకు తెలియలేదు.

మైకులో మాట్లాడిన పెద్దలకీ, తలలూపిన మిత్రులకీ చేతులెత్తి నమస్కరించి చెబుతున్నాను: సింహాచలం గారి జీవితంలో మచ్చ లేదు. ఆ మచ్చ నాది, నా పేరు మీద రాసుకోండి. అలాంటి మేస్త్రి, అలాంటి మనిషి నాకు మళ్ళీ దొరకరు. దొరికినన్నాళ్ళూ నేను దాక్కున్నాను.

బాబాయ్, పానా పోగొట్టింది నేనే.