తంబురా గదిలో పెళ్లిచూపులు

డెబ్భైల మొదట్లో సంగతి. రేపల్లెలో ఒక వాగ్గేయకారుడు కాపురమున్న ఇంటిని చిన్న మ్యూజియం చేశారు. దాన్ని మా నాన్న చూసుకునేవారు. వచ్చినవాళ్లకి ఆ వాగ్గేయకారుడి మంచం, పాదుకలు, తంబురా చూపించాక, నన్ను పిలిచి ఆయన కీర్తన ఒకటి పాడించేవారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు.

ఒక ఆదివారం, రంగు వెయ్యడానికి మ్యూజియం బోర్డు దించి ఉండగా, తెనాలి నుంచి నలుగురు వచ్చారు. "ఇది పెద్దాయన పడుకున్న మంచమండి" అని నాన్న మొదలుపెట్టారు. వాళ్లు గౌరవంగా తలలూపారు. నేను చాప మీద కూర్చుని పాడాను. అందరూ తంబురా వైపు చూస్తారు, వీళ్లేమో నా వైపే చూస్తున్నారు.

పాటయ్యాక వాళ్లలో పెద్దావిడ, "వంటొచ్చా అమ్మాయ్?" అంది. వచ్చన్నాను.

"ఏదీ, అటు నాలుగడుగులు నడువు."

ఎందుకో తెలియకుండానే నడిచాను.

"అమ్మాయి మాకు నచ్చిందండి. తాతగారి సామాన్లు కూడా భద్రంగా దాచుకున్నారు" అందావిడ నాన్నతో.

నాన్న తెల్లమొహం వేశారు. "మీరు ఎవరింటికి వచ్చారండి?"

వాళ్లు పెళ్లిచూపులకి వెళ్లాల్సింది పక్క సందులోని నా స్నేహితురాలు సరోజ ఇంటికి. అక్కడ బజ్జీలు చల్లారిపోతున్నాయి. నాన్నే వెంటబెట్టుకెళ్లి దింపి వచ్చారు.

మర్నాడు సరోజ వచ్చింది. "నన్ను వద్దన్నారు. నిన్న వాళ్ల ముందు ఏం పాడావో పాడవే" అంది.

పాడాను. చివరిదాకా విని, "బాగానే ఉంది" అని వెళ్లిపోయింది. అది మెచ్చుకోలో, కోపమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ తర్వాత ఎవరొచ్చినా పాడే ముందు నేనే అడిగేదాన్ని, "మీరు మ్యూజియం చూడ్డానికే వచ్చారాండి?" అని.