నేర్పని మాటలు

మా అమ్మ నోటికి జంకని ఆటోవాడు బళ్ళారిలో లేడు. అట్లాంటి అమ్మకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తొందరగానే స్వాధీనంలోకి వచ్చాయిగానీ మాటలు పోయాయి. ఏది చూపించినా "గంట" అనేది. దువ్వెన గంట, చెంబు గంట, ఆఖరికి మా నాన్న కూడా గంటే. ఏళ్ళ తరబడి చర్చిలో గంట కొట్టి ఆదివారం బడి పిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి కదా, ఆ ఒక్క మాటే మిగిలిందేమో! తప్పంటున్నానని తనకే తెలిసి నుదురు కొట్టుకునేది. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది.

మాట్లాడిస్తూ ఉండమన్నాడు డాక్టరు. రోజూ కాలేజీ నుంచి వచ్చి, పటాలు చూపించి మాటలు నేర్పేదాన్ని. నాకు ఓపిక తక్కువ, అమ్మకు నాకంటే తక్కువ. పోట్లాడుకునేవాళ్ళం, ఆమె గంటతో, నేను మిగతా భాషతో. ఒకరోజు నాన్న గడపలో కూలబడ్డాడు.

"ఇట్ల ఒక్కోటి ఎన్నని నేర్పిస్తావమ్మా? మీయమ్మకి తెలుగు, కన్నడ, ఉర్దూ అన్నీ వస్తాండె. అన్నీ మళ్ళా మొదట్నించి నేర్పల్లంటే మన ఆయుస్సు చాలదు."

అప్పుడే నా కంప్యూటర్లోని బుల్లి మెదడు గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో నేను న్యూరల్ నెట్‌వర్కుల మీద పని చేస్తున్నాను. మనుషులు ఎట్లా నేర్చుకుంటారో తెలుసుకోవడానికి కట్టిన చిన్న ప్రోగ్రాము నాది. పటం చూపిస్తే పేరు చెప్పాలి. తప్పు చెప్పినప్పుడల్లా లోపలి లంకెలు కొంచెం కొంచెం సర్దుకుంటాయి, అదే దాని చదువు. అన్నీ నేర్చుకున్నాక కావాలనే కొన్ని లంకెలు చెడగొట్టాను. ఇక చూడాలి దాని అవస్థ! గరిటెను దువ్వెన అంటుంది, మేకను గొడుగు అంటుంది. తర్వాత కొన్ని మాటలు మాత్రం మళ్ళీ నేర్పాను. పరీక్షించి చూస్తే, నేను ముట్టుకోని మాటలు కూడా చాలావరకు తిరిగొచ్చి కూర్చున్నాయి! ఎందుకంటే అందులో ఒక్కో మాటకు ఒక్కో డబ్బా లేదు. అన్ని మాటలూ అవే లంకెల మీద పరుచుకుని ఉంటాయి. కొన్నింటి కోసం లంకెలు సర్దుకుంటే మిగతావాటికీ దారి దొరుకుతుంది.

"అమ్మకూ అట్లే వస్తాయేమో నాన్నా" అన్నాను.

"అది మిషను, ఈమె మీయమ్మ. అదేమన్నా పొద్దున్నే లేసి నన్ను తిట్టిందా?"

బుల్లి మెదడు నిజం మెదడు కాదని నాకూ తెలుసు. అయినా ఆశ చావక, ఇంట్లో వాడే కొన్ని తెలుగు మాటలే పట్టుకుని సాగించాను. చెంబు నిలబడింది, దువ్వెన నిలబడింది.

మా చర్చి సంఘంలో నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం ఆడవాళ్ళందరూ తెల్లచీరే కట్టాలి. మా ఇల్లేమో కప్పగల్లు దారిలో. గనుల జోరు రోజులవి, ఖనిజం లారీలు తెరిపి లేకుండా తిరిగేవి. వీధంతా ఎర్రదుమ్ము. అందుకని తెల్లబట్టలు ఇంట్లోనే, కిటికీలు మూసి ఆరేసేవాళ్ళం. ఇది ఆడవాళ్ళందరికీ తెలుసు. అమ్మకు జబ్బు చేశాక ఉతుకుడు పని నెత్తికెత్తుకున్న నాన్నకు తెలీదు. ఆ శనివారం చీర తళతళలాడేట్టు ఉతికి, రోడ్డువైపు తీగ మీద దర్జాగా ఆరేశాడు. ఒక లారీ దూసుకుపోయింది. చీర ఇటుకరంగుకు తిరిగింది.

అమ్మ వాకిట్లోకొచ్చి చూసింది.

"కణ్ణు కాణల్వేనో నినగె! నిధాన హోగో!" అని లారీ వెనక కేకేసింది, కళ్ళు కనపడవా, నిదానంగా పో అని. కన్నడం ఒక్క ముక్క నేర్పలేదు మేము! తేరుకునేలోపే నాన్న మీదికి తిరిగింది. "తెల్లచీర యాడన్నా ఈదిలో ఆరేస్తారా? బుద్ధుండాదా నీకు?"

నాన్న చేతిలోంచి బకెట్టు జారిపోయింది. "ఇంగోసారి తిట్టుమే!" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. నేనైతే చిన్నపిల్లలా గంతులేశాను.

మర్నాడు చర్చిలో తెల్లచీరల మధ్య ఇటుకరంగు చీర మా అమ్మదొక్కటే. తప్పు ఎవరిదో అందరికీ తడబడుతూనే చెప్పింది. కొన్ని మాటలు ఎప్పటికీ రాలేదు. వచ్చినవి నాన్నకు సరిపోయాయి.

మరుసటి నెల నాన్న తెల్లచీర భుజాన వేసుకుని మళ్ళీ రోడ్డువైపే పోతుంటే అడ్డుపడ్డాను. "నాన్నా, అది ఇంట్లో ఆరేయాల!"

"తెలుసులేమ్మా" అన్నాడు మెల్లగా, అమ్మ ఉన్న గదివైపు చూస్తూ. "ఈసారి ఏమంటాదో విందామని."