జీడితోటలో ఊపిరి

విజయనగరంలో డాక్టరు నా ఎక్స్‌రేను కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తుంటే, ఆయన నోరు తెరవకముందే మా నాన్న ముఖం నాకు సంగతి చెప్పేసింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో పొగమంచు లాంటి మచ్చ.

"క్షయ. ఇప్పుడు మందులున్నాయి, భయపడక్కర్లేదు. మాత్రలు మాత్రం మానకూడదు. నలుగురిలో తిరగకూడదు," అన్నాడు డాక్టరు.

అవి అరవైల చివరి సంవత్సరాలు. నాకు ఇరవై మూడేళ్లు. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మాస్టారుగా చేరి రెండేళ్లయింది. నాలుగు నెలలుగా దగ్గుతూనే పాఠాలు చెప్పాను. సుద్దముక్క పొడి పడలేదని అందరితోనూ అన్నాను, నేనూ నమ్మాను. తిరుగు బస్సులో, నా తరగతిలో ముందు వరసలో కూర్చునే పిల్లల ముఖాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి.

మా ఊరు ఉద్దానంలో, సోంపేట వైపు. మందులొచ్చినా జనానికి భయం పోలేదు. వారం తిరక్కుండానే మా వీధి అరుగు మీదికి అందరూ రావడం మానేశారు. నాన్న సముద్రం వైపున్న మా జీడితోటలో తాటాకు పాక వేయించాడు. అమ్మ అరసవల్లి వెళ్లి మొక్కుకుని వచ్చింది. రోజూ పొద్దున్నే తూర్పుకి తిరిగి దండం పెట్టుకోమంది. నేను పెట్టుకోలేదు. ఎవరికి, ఎందుకు పెట్టాలో తెలియలేదు.

నాతో తోటలోకి వచ్చింది మా అప్ప. అక్కను మా వైపు అప్ప అంటాం. నాకంటే పదేళ్లు పెద్దది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. చిన్నప్పుడు మొదటి రోజు నన్ను బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది ఆమే.

"నువ్వెందుకే? అంటుకుంటాది," అని అమ్మ అడ్డం పడింది.

"అంటుకుంటే అంటుకుంటాది. ఆడికి గంజెవులు కాస్తారు?" అని అప్ప చాప చంకన పెట్టుకుని నన్నెక్కించిన బండి వెనకాల నడిచింది.

పొరుగూరి నుంచి కాంపౌండరు రోజూ సైకిలు మీద వచ్చి సూది వేసేవాడు. అప్ప నాకు పదడుగుల దూరంలో ఉండాలనీ, నా గిన్నె వేరుగా ఉంచాలనీ, నేను ఉమ్మింది బూడిద డబ్బాలో పట్టి గోతిలో పూడ్చాలనీ గట్టిగా చెప్పాడు. అప్ప పనసచెట్టు కింద పొయ్యి పెట్టుకుంది. చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి పాక గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి వెళ్లేది. నేను తినేదాకా అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చునేది.

మొదటి నెల మంచం మీద పడుకుని నా ఊపిరినే వింటూ గడిపాను. లోపలికి పోయేటప్పుడు ఎక్కడో సన్నగా గీసుకునేది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా దుప్పటి చెవుల మీదికి లాక్కునేవాణ్ణి. దగ్గితే ఎర్రగా పడిన రోజున కళ్లు మూసుకుని గోడవైపు తిరిగిపోయాను. పక్కనే సరుగుడు తోపు రోజంతా హోరుమనేది. ఆ హోరు నా మీద పగబట్టినట్టే ఉండేది. నేను పోయినా అది అలాగే మోగుతుంది కదా అన్న ఆలోచన నన్ను నిద్రపోనిచ్చేది కాదు. ఆ రోజుల్లోనే ఒకసారి జ్వరంతో ఒళ్లు పేలిపోయి మధ్యాహ్నమంతా పలవరించాను. కళ్లు తెరిచేసరికి నా తల అప్ప ఒడిలో ఉంది.

"దూరం పో అప్పా," అన్నాను.

"నోర్ముయ్," అంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా స్తంభించింది. సరుగుడు తోపు కూడా ఊరుకుంది. అంత నిశ్శబ్దంలో నా ఊపిరి ఒక్కటే వినపడుతోంది. భయం వేసింది, కానీ పారిపోవడానికి చోటు లేదు. సరే, విందామని మొదటిసారి దాన్ని తోసెయ్యకుండా విన్నాను. ఎంతసేపో తెలియదు. అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి మళ్లింది. ముందు దూరంగా మొగలి పొదలు గలగలలాడాయి, తర్వాత జీడాకులు, తర్వాత పాక చూరు. ఆపైన నా ఛాతీ లేచింది. నేను పీల్చలేదు, అదే వచ్చింది. జీడాకుల్లో తిరిగిన గాలే నాలోకి వచ్చి, నాలోంచి ఆకుల్లోకి పోతోంది. ఇది నా ఊపిరి అని దేన్ని పట్టుకుని ఇన్నాళ్లూ ఏడ్చానో అది నాది కానే కాదు. నా ఒంటికి, తోటకి మధ్య గోడ లేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంట్లో పూజలో కూర్చున్నప్పుడు ఏనాడూ కలగనిది, చిరుగుల దుప్పటి మీద కలిగింది.

సాయంత్రం అంబలి తెచ్చిన అప్పకి ఆత్రంగా చెప్పాను. ఆమె ఆఖరిదాకా విని, "నీకు పనీపాటా నేదు గాబట్టి సెట్లు మాటాడతన్నాయిరా. నాకు పుల్లలేరుకోడానికే పొద్దు సాలదు. తాగు, సల్లారిపోతాది," అంది.

నవ్వేశాను. కానీ ఆ రోజు నుంచి పొద్దున్నే జీడిచెట్టు మొదట్లో కూర్చుని గాలి రాకపోకలు వినేవాణ్ణి. మాత్రలు పనిచేశాయి, దగ్గు తగ్గింది, ఎముకల మీద కండ పట్టింది. నాకేదో పెద్ద సత్యం దొరికిందని లోపల్లోపల గర్వంగా ఉండేది.

వానలు పడ్డాక ఒక పొద్దున్న నేనలా కళ్లు మూసుకుని కూర్చుంటే పొయ్యి దగ్గర దగ్గు వినపడింది. నోట్లో కొంగు కుక్కుకున్న దగ్గు.

"ఎన్నాళ్లనుంచి?" అని అడిగాను.

"పొగరా."

అలాంటి అబద్ధమే నేనూ చెప్పి ఉన్నాను, సుద్దముక్క పొడి అని. కాంపౌండరుకి చెప్పి అప్పను విజయనగరం పంపించాను. ఎక్స్‌రేలో మచ్చ కనపడింది.

ఆ కబురు విన్న రోజు తోటలోకి వెళ్లి నిలబడ్డాను. ఎవరినో నిలదియ్యాలి. సముద్రం గాలి వచ్చింది. మొగలి పొదల మీదుగా, జీడాకుల మీదుగా, అంతే చల్లగా, అంతే హాయిగా వచ్చి ఒంటికి తగిలింది. దాని మార్దవాన్ని భరించలేకపోయాను. గోడ లేదని మురిసిపోయాను కదా! గోడ లేకపోబట్టే నాలోంచి బయటికి పోయిందే ఆమెలోకి వెళ్లింది. నాకు దేవుడిలా తోచిన గాలే ఆమెకు రోగాన్ని మోసుకెళ్లింది. గడ్డి దుబ్బుల మధ్య మోకాళ్ల మీద కూలబడి అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఆకులు కదులుతూనే ఉన్నాయి.

నా ఉమ్ములో ఇక పురుగు లేదని అప్పటికే డాక్టరు తేల్చాడు. కాబట్టి పాకలో మంచం అప్పకి ఇచ్చి, పనసచెట్టు కింది పొయ్యి నేను తీసుకున్నాను. అంబలి మాడ్చేవాణ్ణి. "ఇదేటిరా, అంబలా, రోడ్డుకేసే తారా?" అని తిట్టేది. తిడుతూనే తాగేది. పొద్దున కూర్చోవడం మాత్రం మానేశాను. కళ్లు మూసుకుంటే ఆమె దగ్గే వినపడేది.

ఒకరోజు మంచం మీంచి పిలిచింది.

"ఒరే, సెట్లు మాటాడతాయన్నావు. ఎన్ని దినాలు ఇన్నా నాకేటీ ఇనబడతా నేదు."

"నేను చెప్పింది మర్చిపో అప్పా. నా వల్లే నీకిది వచ్చింది."

"నీ వల్లో, మరెవుల వల్లో. గాలికి పేరుంటాదేటి?" అంది. తర్వాత, "మంచం బయటెయ్యి. ఎండలోకి," అంది.

మంచం బయట వేసి పక్కన నేలమీద కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోతోందో వింటోందో తెలియలేదు. అడగలేదు. చాలా రోజుల తర్వాత నేనూ ఊరికే కూర్చున్నాను. ఈసారి సంతోషమేమీ రాలేదు. గాలి వస్తూ పోతూ ఉంది. దాని మీద కోపమూ ఉంది, అది లేకపోతే ఇద్దరం లేమన్న ఎరుకా ఉంది. ఆ రెండింటిలో దేన్నీ తోసెయ్యకుండా మోస్తూ కూర్చున్నాను.

అప్ప ఏడాదిన్నరకి కోలుకుంది. మెట్లెక్కితే మాత్రం ఆయాసపడేది. నన్ను మళ్లీ బడిలో చేర్చుకున్నారు. నా క్లాసు పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షకి పంపమని ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపు వేసేసుకున్నారు. వెళ్లిన వాళ్లలో ఎవరికీ ఏమీ లేదని తేలింది. వెళ్లని వాళ్ల సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.