నీళ్లలో కరగని మావయ్య

మా సన్యాసి మావయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే: కాల్షియం ఫ్లోరైడ్. మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో కెమిస్ట్రీ మాస్టారుగా రిటైరయ్యాడు గానీ, నోరు రిటైరు కాలేదు. టీలో పంచదార కలిపి ఇస్తే చాలు, "సూసినావా, ఇది కరిగిపోనాది. కాల్షియం ఫ్లోరైడు నీళ్లలో కరగదు!" అంటాడు. టీ ఇచ్చిన పాపానికి నేను నిలబడి వినాలి.

నా పెళ్ళిలో సాంబారు మాడింది. మా అత్తగారు శాంతాదేవి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మా అమ్మకేసి తిరిగి "ఏటిది?" అందో లేదో, మావయ్య ఊడిపడ్డాడు.

"అమ్మా! కాల్షియం క్లోరైడు నీళ్లలో సోడియం ఫ్లోరైడు నీళ్లు పోస్తే ఏటవుతాది? తెల్లటి పొడి అడుక్కి దిగుతాది! వడగట్టి ఆరబెట్టాల!"

ఆవిడ సాంబారు మాట మరిచిపోయి, గబగబా పెరుగన్నం తిని లేచిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మొన్న మా తెలుగు సంఘం వార్షికోత్సవం. స్టేజీ మీద తెలుగు తప్ప మరో ముక్క రాకూడదు. మా అమ్మాయి నిషా నాలుగు మాటలు చెప్పాలి. మనవరాలి నోట తెలుగు వినాలని మా అమ్మ అచ్చమ్మ ముందు వరుసలో కూర్చుంది. పిల్ల వారమంతా బట్టీ పట్టింది. నేను మావయ్యని ముందే బతిమాలాను.

"ఈ ఒక్క పూట నోరు విప్పకు మావయ్యా, నీకు దండం పెడతాను."

"సరే లా!" అన్నాడు, మా మలేషియాలో అందరి మాటల చివరా తగులుకునే ఆ 'లా'తో సహా.

నిషా మైకు పట్టుకుని "అందరికీ నమస్కారం" అంది. అంతే, తర్వాత మాట రాలేదు. వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. పిల్ల కళ్ళలో నీళ్లు తిరిగాయి. అమ్మ తల దించుకుంది.

"ఆగండాగండి!" మావయ్య లేచాడు. "కాల్షియం ఫ్లోరైడు పద్నాలుగొందల డిగ్రీలు దాటితే గానీ కరగదు, ఎరికేనా?"

హాలంతా గొల్లుమంది. "కూకో లా, సార్!" అని సంఘం సెక్రటరీ మనోజ్ అరిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కూర్చుంటేనా! దాంతో కెమెరా అద్దాలు కూడా చేస్తారంటూ, నిషా వంకే చూస్తూ సాగదీశాడు. చివరికి నిషాకీ నవ్వొచ్చేసింది.

"తాతా, ఇంక కూకో. నాను మాటాడాల!"

అది బట్టీ పట్టిన ముక్క కాదు. ఆ ఊపులో మిగతా మాటలన్నీ చెప్పేసింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా అమ్మే.

బయటికి రాగానే మావయ్య మీద విరుచుకుపడ్డాను. "మాటిచ్చి ఏటిది మావయ్యా? అందరూ నిన్ను సూసి నవ్వినారు!"

"నవ్వనీ. పిల్లని సూసి నవ్వడం మానేసినారు గదా."

నాకు మాడిన సాంబారు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ తిట్టుకున్న మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. టీ తెచ్చి చేతికిచ్చి, జన్మలో మొదటిసారి నేనే అడిగాను.

"మావయ్యా, ఆ తెల్లపొడి ఎలాగ సేస్తారన్నావు?"

"అబ్బ, ఇప్పుడెందుకమ్మా!" మావయ్య టీ ఊదుకున్నాడు. "సెప్పీ సెప్పీ నాకే ఇసుగొచ్చేసినాది."