ఈరవ్వ చేతి నీళ్లు

మా పక్కింటి ఈరవ్వ గురించి చెప్పాలంటే ముందు నాకు కోపమొస్తుంది. ఇరవై రెండేళ్ల కిందట వర్ని వైపు ఒక ఊళ్లో ఆమె పొరుగింటి బర్రె పాలివ్వడం మానేసింది. బర్రెకు రోగమొస్తే డాక్టర్‌ను పిలుస్తారు గానీ, ఆ ఊరివాళ్లు ఈరవ్వను పిలిచి పంచాయితీ పెట్టారు. మంత్రాలు చేసిందట! ఆ మాట మొదట అన్నది బర్రె గల భూమవ్వ. ఆ రోజు నుంచి ఈరవ్వ చేతి నీళ్లు ఊళ్లో ఒక్కరూ ముట్టలేదు. చివరికి మూటాముల్లె సర్దుకుని బోధన్ వచ్చి, నాలాగే బీడీలు చుట్టుకుని బతికింది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా తన చేత్తో నీళ్లివ్వదు. "నల్ల గక్కడుంది లతా, నీళ్లు పట్టుకో" అంటుంది.

అందుకే మనవరాలు దీక్షిత ఫోన్లో ఆడే ఆట చూసి మొదట హడలిపోయింది. అందులో అందరూ మంత్రగాళ్లే! తెర మీద వేలితో ఒక గీత గీస్తే నిప్పు కురుస్తుంది, ఇంకోటి గీస్తే ఎదుటివాడు మంచుగడ్డై నిలబడిపోతాడు. అన్నింట్లోకీ కష్టమైనది ప్రాణజలం. వేలు ఎత్తకుండా ఒక చుట్టు, ఒక మడత, ఒక ముడి గీస్తే, పడిపోయిన తోటివాడు ఒకడు లేస్తాడు. పిల్లలు వేలిని చూసుకుంటూ గీస్తారు, ఈలోగా శత్రువు వచ్చి నెత్తిన కొడతాడు.

ఒకరోజు ఈరవ్వ బీడీల చాట పక్కన పెట్టి, "గిది బీడీ చుట్టినట్టే ఉన్నది గదనే!" అంటూ టీవీ చూస్తూనే గీసేసింది. మేం చేతులు చూసుకుంటూ బీడీలు చుడతామా ఏమిటి! ఇక ఆ ఆట వదల్లేదు.

మొన్న ఆదివారం కాలనీ హాల్లో పోటీ పెట్టారు. నలుగురు ఆడపిల్లల జట్టులో ఒకమ్మాయికి జ్వరమొస్తే దీక్షిత అవ్వను కూర్చోబెట్టింది. ఆమె పక్కనే సవిత. సవిత ఎవరనుకున్నారు? భూమవ్వ మనవరాలే. కొడుకు దగ్గర ఉండటానికి కిందటేడే బోధన్ వచ్చిన భూమవ్వ ఆ రోజు ఆట చూడటానికి వచ్చింది, ఈరవ్వను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"లే బిడ్డా! గామె మంత్రాలు జేస్తది, పక్కన కూసోకు!"

హాలంతా విన్నది. ఈరవ్వ తల దించుకుని ఫోన్ కింద పెట్టబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది, లేవబోయాను. అంతలో సవితే అన్నది, "ఉండవ్వా! గీ ఆటల మంత్రాలు వచ్చినోళ్లే గావాలె."

అందరూ గొల్లుమన్నారు. ఈరవ్వ ఫోన్ మళ్లీ తీసుకుంది.

ఆఖరి ఆటలో పిల్లలు ముగ్గురూ వరసగా పడిపోయారు. అటు నలుగురు, ఇటు ఈరవ్వ ఒక్కతే. నిప్పులు కురుస్తుంటే ఎడమ వేలితో తన బొమ్మను గోడల చాటుకు ఉరికిస్తూ, కళ్లు శత్రువు మీదే ఉంచి కుడి వేలితో చుట్టింది, మడిచింది, ముడేసింది. దీక్షిత లేచింది. మళ్లీ గీసింది, సవిత లేచింది. మూడోసారికి జట్టు మొత్తం లేచి నిలబడింది! రెండు నిమిషాల్లో అవతలివాళ్లు మట్టికరిచారు. నేను అరిచిన అరుపుకు గొంతు పోయింది.

సవితకూ గొంతెండిపోయి, ఈరవ్వ తెచ్చుకున్న నీళ్ల బాటిల్ లాక్కుని గటగటా సగం తాగేసింది. ఈరవ్వ బిత్తరపోయి చూసింది. అప్పుడు జనంలోంచి భూమవ్వ మెల్లగా ముందుకొచ్చింది.

"ఈరవ్వా... నాగ్గూడ జరన్ని పొయ్యవా?"

ఈరవ్వ బాటిల్ చేతిలోకి తీసుకుంది.

"మంత్రమేసి ఇయ్యాల్నా వదినా, ఉత్తగ ఇయ్యాల్నా?"

భూమవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తప్పయింది. నువ్వు ఎట్లిచ్చినా తాగుత."

దోసిలి పట్టింది. ఈరవ్వ పోసింది. చివరి చుక్కదాకా తాగింది.

మరునాడు నేను ఈరవ్వ ఇంటికి వెళ్తే, ఇంకా కూర్చోకముందే తన చేత్తో చెంబుడు నీళ్లు తెచ్చిచ్చింది. దాహం లేకపోయినా మొత్తం తాగాను.