వింత మరణాలు ఏరే హెలెన్ గారు

బెంజ్ సర్కిల్ వెనక సందులో మా ప్రచురణ సంస్థ ఉంది. సంస్థ అంటే రెండు గదులు, యజమాని రామకోటేశ్వరరావు గారు, పేజీలు కూర్చే నేను, ఏది అచ్చుకెళ్ళాలో తేల్చే హెలెన్ గారు. బస్టాండ్లలో అమ్ముడుపోయే పుస్తకాలు వేస్తాం. ఈసారి తలకెత్తుకున్నది ‘చరిత్రలో నూటొక్క వింత మరణాలు’. ఆ పేరు యజమాని గారే పెట్టారు, ఇంకా ఒక్క చావూ దొరక్కముందే.

వాటిని ఏరే పని హెలెన్ గారిది. భవానీపురం నుంచి సిటీ బస్సులో వస్తారు, చదువుతారు, క్యారేజీ విప్పి అన్నం తింటారు, మళ్ళీ చావుల్లో పడతారు. భర్త జయపాల్ గారు పోయి నాలుగేళ్ళయింది. గుండె ఆగిపోయిందని చెప్పారు, మేమూ ఇంకేం అడగలేదు. ఆవిడ ముఖంలో నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు. మొదట్లో పొగరనుకున్నాను, తర్వాత అలవాటైపోయింది.

ఆవిడ కొలత ఒక్కటే. “ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే ఆగిపోయేదా? అయితే అది వింత కాదండి.” విందులో మితిమీరి తిని పోయిన రాజుగారిని అలాగే కొట్టేశారు. పక్కనున్నవాళ్ళు కంచం లాగేయాల్సిందట. పొడుగు కండువా కారు చక్రానికి చుట్టుకుని పోయిన నర్తకికీ అదే గతి. “మన సర్కిల్లో అయితే వెనకొచ్చే బండివాళ్ళు చున్నీ చూసుకోమ్మా అని చెప్పేవాళ్ళు” అన్నారు. గద్ద జారవిడిచిన తాబేలు నెత్తిన పడి పోయాడని చెప్పుకునే గ్రీకు పెద్దమనిషిని మాత్రం ఉంచారు. ఆ చావుని ఎవరూ ఏ మాటా చెప్పి ఆపగలిగేవాళ్ళు కాదు. ఇలా ఏరుతూ కూర్చుంటే నూటొక్కటి ఎప్పటికి తేలాలి? రామకోటేశ్వరరావు గారు తల పట్టుకున్నారు. కూర్చిన పేజీలన్నీ మళ్ళీ విప్పాల్సి వచ్చి నాకూ ఒళ్ళు మండింది.

మొన్న మంగళవారం ఆయన ఓ పాత పేపరు ముక్క పట్టుకుని హుషారుగా వచ్చారు.

“అన్నీ గ్రీసు, ఫ్రాన్సు అయితే మనోళ్ళు ఏం కొంటారమ్మా? ఇదిగో, ఇది మనది. కంకిపాడు దగ్గర చర్చి ఆవరణలో కూర్చున్న మనిషి నెత్తిన కొబ్బరికాయ పడి అక్కడికక్కడే పోయాడంట. కుర్చీ మాత్రం చెక్కు చెదర్లేదంట.”

కుర్చీ మాట దగ్గరికొచ్చేసరికి ఆయనకు నవ్వాగలేదు. నేనూ నవ్వాను. పేపరువాళ్ళు పోయినాయన పేరు కూడా వేయలేదు.

హెలెన్ గారు ఆ ముక్క అందుకోలేదు. “ఇది వింత కాదండి” అన్నారు.

“తాబేలు వింతైనప్పుడు కొబ్బరికాయ ఎందుక్కాదమ్మా?”

“కాయలు ముదిరిపోయి ఉన్నాయండి. దింపేవాడు ముందు వారమే వచ్చాడు. కోతల పండగకి చర్చిలో కానుకలు వేలం వేస్తాం కదా, అప్పటికప్పుడు చెట్టు మీంచి దింపి వేలం పెడితే అందరికీ ఉత్సాహంగా ఉంటుందని అతన్ని పంపేశారు. పండగ రోజు నీడుందని ఆ చెట్టు కిందే కుర్చీలు వేశారు.”

“పేపర్లో అదంతా లేదే. ఎవరు పంపేసింది?”

“నేనేనండి. అప్పట్లో ఆ చర్చి స్త్రీల సమాజానికి పెద్దని, నా మాటే సాగింది. ఆ కుర్చీలో కూర్చుంది మా ఆయన.”

నా ముఖం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. చాలా సిగ్గేసింది. రామకోటేశ్వరరావు గారు పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు, ఏం చేయాలో తోచక బల్ల మీద పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు.

“దైవ నిర్ణయమమ్మా. నువ్వు మాత్రం ఏం చేస్తావు? దీన్ని మించిన వింత ఎక్కడుంటుంది?” అన్నారు, మెల్లగా.

“పాస్టరు గారూ అదే అన్నారండి. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూటానికి వచ్చినవాళ్ళంతా వింత, వింత అన్నారు. నన్ను ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు. వింతే అయితే నాకూ హాయేనండి, కంటినిండా నిద్రపోదును.” బస్సు ఏ టైముకుందో చెప్పినంత మామూలుగా చెప్పారు. “కానీ కాయలు ముదిరిపోయి ఉన్నాయండి. నేను చూశాను.”