ఎదురొచ్చే మనిషి

నేను జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా నిర్మాత ఇంట్లో వంటమనిషిగా ఉన్న రోజుల్లో మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్నాయి. అప్పటికి నాకు అక్షరం రాదు. వాల్‌పోస్టర్ మీద హీరో మొహం చూసి అది మా సారు సినిమానో కాదో చెప్పేదాన్ని. చదువు జుట్టు నెరిశాక వచ్చింది. అందుకే ఇది ఇన్నాళ్లకు రాస్తున్నాను.

నేను పనిలో చేరిన వారమే సారు సినిమా ఒకటి విడుదలైంది. ఆ పొద్దున ఆయన కారు గేటు దాటుతుంటే నేను నీళ్ల బిందెతో ఎదురయ్యాను. అనుకుని వచ్చింది కాదు, కుళాయి అటువైపు ఉండేది. ముత్తయిదువ నిండు బిందెతో ఎదురొస్తే శుభమంటారు కదా. ఆ సినిమా బాగా ఆడింది. ఇక అప్పటి నుంచి ప్రతి ముహూర్తానికీ, ప్రతి విడుదలకూ తలస్నానం చేసి, పసుపు రాసుకుని, నేనే ఎదురు రావాలి. ఆడిన సినిమాలు నా లెక్కలో పడేవి, ఆడనివి డైరెక్టరు లెక్కలో.

వెనకాల ఒక గది, నెల తిరిగేసరికి జీతం. నా భర్త ఆటో నడిపి సాయంత్రానికి ఆ గదికే వచ్చేవాడు. లోటంటూ లేదు.

మా చెల్లె బోరబండలో ఉండేది. సాఫ్ట్‌వేర్ పిల్లలు గదులు కిరాయికి తీసుకుని, అన్నం వండుకుని, కూరలు బయట కొనుక్కోవడం అప్పుడప్పుడే మొదలైంది. కర్రీ పాయింట్ పెడదామని చెల్లె నా వెంటపడింది. మాదాపూర్ పోయే తోవలో ఒక షట్టర్ కూడా చూసి పెట్టింది. మాకంటూ ఒకటి ఉండాలని నాకూ ఉండేది.

పని మానేస్తానని అడిగినప్పుడల్లా అమ్మగారిది ఒకటే మాట. "ఈ సినిమా బయటపడనివ్వవే. మధ్యలో నువ్వెళ్లిపోతే ఆయనకు నిద్ర పట్టదు." అది బయటపడేలోపే ఫిల్మ్‌నగర్ ఆఫీసులో ఇంకోదానికి కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

"నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా?" అనేది చెల్లె. "సినిమాలు ఎప్పుడన్న ఒడుస్తయా? గంత మంచి మొఖమైతే మన దుకాణం ముందట నిలబడు!"

"మీ అక్క లేకుంటే సినిమాలే బందైతయి, నీకు తెల్వదా?" అని నా భర్త నవ్వేవాడు. తర్వాత నాతో, "పోదాం తియ్, తొందరేమున్నది" అనేవాడు.

నిజానికి నేనూ నమ్మాను. మనం కదిలితే ఎవరికో నష్టం జరుగుతుందనుకోవడంలో ఒక గొప్ప ఉంటుంది.

ఆ వానాకాలం నా భర్త గుండె ఆగి పోయాడు. స్టాండులో, ఆటోలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. కర్మ అయ్యాక పనిలోకి వచ్చాను. అమ్మగారు నన్ను పట్టుకుని ఏడ్చారు. "ఈ గది నీదే అనుకో" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. చెల్లె కూడా దుకాణం ఊసు మానేసింది. ఒంటరిదానికి ఉన్న నీడ చాలని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

కొన్ని వారాలకు సినిమా విడుదల వచ్చింది. తెల్లవారకముందే లేచాను. తలస్నానం చేశాను. బిందె తోమి నీళ్లు పట్టాను. ఏళ్ల తరబడి చేతులకు అలవాటైన పని. ఏం జరిగిందో ఆ చేతులకు ఇంకా తెలిసినట్టు లేదు. బిందె చంకన పెట్టుకుని వంటింటి గడప దాటబోతుంటే అమ్మగారు ఎదురుపడ్డారు. ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

"నువ్వు ఈ పూట లోపలే ఉండమ్మా," అన్నారు మెల్లగా. "కోడలు ఎదురొస్తుందిలే."

అన్నేళ్లలో ఆవిడ నన్ను 'అమ్మా' అనడం అదే మొదలు. కోపం రాలేదు. బిందె దించి, ఆ నీళ్లతోనే పప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను. గేటు తీసిన చప్పుడు వినిపించింది. కారు వెళ్లిపోయింది.

నెలాఖరుకు మానేస్తానని ఆ మధ్యాహ్నమే చెప్పాను.

"ఇప్పుడా?" ఆవిడ నిజంగానే బెదిరిపోయారు. "మగదిక్కు లేనప్పుడు ఉన్న నీడ వదులుకుంటారా ఎవరైనా? నిన్ను పొమ్మన్నదెవరే?"

"ఎవ్వలు పొమ్మనలేదమ్మా. ఇప్పుడైతే నేను పోయినా సినిమాకేం గాదు గదా."

ఆవిడ తల దించుకున్నారు. నొప్పించాలని అనలేదు. ఉన్నమాట అన్నాను. నెలాఖరుకు గది ఊడ్చి తాళంచెవి ఆవిడకు ఇచ్చేశాను.

చెల్లెతో కలిసి దుకాణం షట్టర్ ఎత్తిన రోజు పప్పు, వంకాయ, బెండకాయ, కోడికూర వండాం. పిల్లలు బైకుల మీద వచ్చి, కొందరు కొన్నారు, కొందరు చూసి పోయారు. దీపాలు పెట్టేవేళకు గిన్నెలు సగం అలాగే ఉన్నాయి. ఉన్న నీడ పోగొట్టుకున్నాను, చెల్లెను కూడా ముంచాను అనుకున్నాను. ఆమె మొహం చూడలేక గిన్నెలు సర్దుతున్నాను.

చెల్లె వంకాయ కూర కొంచెం వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకుంది.

"ఇది జూబ్లీహిల్స్ వంట గదనే అక్కా! జర గూడ కారం లేదు. పోరగాండ్లు ఎట్ల తింటరు? రేపు మనింట్ల వండినట్టు వండు."

నేను కిందికి కూర్చుని, ఎండుమిరపకాయల సంచి ముందుకు లాక్కుని తొడిమలు తుంచడం మొదలుపెట్టాను.